నాటి చిత్రము – నేటి చిత్రము

ఒకే స్థలమును రెండు వేర్వేరు కాలములందు ఫోటో తీసి ప్రక్క ప్రక్కన ఉంచినచో, మధ్య జరిగిన మార్పు కన్నులకు కట్టినట్లు తెలియును. ఆల్ప్స్ పర్వతములందలి హిమానీనదముల మార్పులను కొలుచుటకు 1880-90 మధ్యకాలపు చివరి సంవత్సరములలో సెబాస్టియన్ ఫిన్‌స్టర్‌వాల్డర్ అను గణిత శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని అవలంబించెను. నాడు బరువైన కెమెరాను మోసికొని కొండలెక్కవలసి వచ్చెడిది. నేడు సెల్‌ఫోనులోని యాప్ ఆ పనిని సులభము చేసినది. అయితే అది చేయగలిగిన దేమి? చేయలేని దేమి?

యాప్ పని చేయు విధము

సెల్‌ఫోను చిత్రము లక్షలకొలది చిన్న గడుల కూర్పు. ప్రతి గడి యొక్క వెలుగును 0 నుండి 255 వరకు గల ఒక సంఖ్య తెలుపును. యాప్ పాత చిత్రమును పలుచని తెరవలె కెమెరా దృశ్యముపై పరచును. పాత గడి విలువ 200, క్రొత్త గడి విలువ 100 అనుకొందము. రెండింటిని సగము సగముగా కలిపిన 150 అగును. కొండ అంచులు ఒకదానిపై నొకటి సరిగా కూడినచో ఒకే గీత కనబడును. కూడనిచో జంటగీతలు కనబడును. ఆ జంట ఒకటి అగువరకు మనము స్థానమును సర్దుకొనవలెను.

నిలుచున్న చోటు

ప్రొద్దుటూరు వద్ద పెన్న ఒడ్డున నిలిచితిమనుకొనుడు. ఎదుట 4 మీటర్ల దూరములో ఒక తుమ్మపొద, 400 మీటర్ల దూరములో ఆవలి గట్టు ఉన్నవి. రెండు మీటర్లు ముందుకు నడిచినచో పొద ప్రతిబింబము రెట్టింపగును. గట్టు ప్రతిబింబము మాత్రము నూటికి అరవంతు పెరుగును. ఇసుకను పొద కప్పివేయును. చూచినవారు పొద పెరిగినదనియు, ఇసుక తరిగినదనియు తలంతురు. చిత్రము చిన్నదైన యాప్ పెద్దది చేయగలదు. వంకరగా నున్న త్రిప్పగలదు. కాని పొద వెనుక దాగిన ఇసుకను తెచ్చి చూపజాలదు.

సెల్‌ఫోను తెలుపు స్థానములో కొన్ని మీటర్ల తేడా ఉండవచ్చును. కావున క్షేత్రగణితమును ఆశ్రయింతము. దగ్గరి స్తంభము, దూరపు కొండకొన ఒకే వరుసలోనికి వచ్చినపుడు మనము ఒక సరళరేఖపై నున్నట్లు. మరియొక దిక్కున నున్న అట్టి జంట రెండవ రేఖ నిచ్చును. రెండు రేఖలు ఖండించుకొను బిందువే మన స్థానము.

ఋతువు, వెలుగు

పులివెందుల ప్రాంతపు చీనీ తోటను మే నెలలో ఒకమారు, ఈశాన్య ఋతుపవనముల పిదప డిసెంబరులో మరియొకమారు తీసినచో, కనబడు పచ్చదనములో వాన పాలెంత, సేద్యపు పాలెంత యని చెప్పజాలము. అదే నెలలో, అదే గంటకు తీయవలెను. సెల్‌ఫోను వెలుగును తనంతట తానే సర్దును. కావున రంగులను పోల్చుటకు దృశ్యములో ఒక మూల తెల్లకాగితము నుంచుట మంచిది.

ముందు చిత్రము

జమ్మలమడుగు సమీపమున పెన్న ఎర్రమల కొండలను చీల్చుకొని పారుచున్నది. అచ్చటి గండికోట జలాశయపు పూర్తి సామర్థ్యము 26.85 టి.ఎం.సి.లు. 2020లో దానిలో నీరు నింపినపుడు కొండాపురం మండలములోని తాళ్ల ప్రొద్దుటూరు గ్రామము ముంపునకు లోనైనది. ఆ వీధులకు నేటి చిత్రమును ఎవరైనను తీయవచ్చును. నాటి చిత్రము మాత్రము ఇండ్లు నిలిచియుండగా తీసిన వారియొద్దనే ఉండును. ఏ యాప్ అయినను దానిని క్రొత్తగా తీయజాలదు.

కావున ఉపాధ్యాయులు తమ ఊరి చెరువుగట్టునో, వాగునో, బడి ఆవరణమునో ఎంచుకొని విద్యార్థులచే నేడే మొదటి చిత్రమును తీయింతురు గాక. నిలిచిన చోట ఒక రాయి పాతించి, కెమెరా ఎత్తు, దిక్కు, తేదీ, గంట, వరుసకు వచ్చిన రెండు జంటల గురుతులు ఒక పుస్తకములో వ్రాయించవలెను. ఆ పుస్తకము బడిలోనే ఉండవలెను. వచ్చు సంవత్సరము అదే నెలలో మరియొక తరగతివారు ఆ రాతివద్ద నిలిచి రెండవ చిత్రమును తీయగలరు.