శ్రమలలో ముందు నిర్ణయం – రక్షణ నిశ్చయత

"అయ్యగారూ, దేవుడు నన్ను ఏర్పరచుకొని ఉంటే నాకీ కష్టమెందుకు?" సంఘకాపరులు తరచుగా ఎదుర్కొనే ప్రశ్న ఇది. దీని వెనుక 'తలరాత' అనే తలంపు ఉన్నది. నుదుట వ్రాసినది జరిగి తీరుతుంది, వ్రాసినవానితో మనకు మాటలుండవు. ముందు నిర్ణయమును గూర్చిన బోధను కూడా మన విశ్వాసులు చాలామంది ఈ చెవితోనే వింటున్నారు.

ఈ మాటకు మూలమైన గ్రీకు క్రియ 'ప్రొఒరిజో'. 'ముందుగా హద్దు ఏర్పరచుట' అని దాని భావం. క్రొత్త నిబంధనలో ఇది ఆరుసార్లు మాత్రమే వస్తుంది (అపొ. 4:28, రోమా 8:29, 30, 1 కొరింథీ 2:7, ఎఫెసీ 1:5, 11). సందర్భాలను గమనిద్దాం. అపొస్తలుల కార్యములలో ఆ మాట పలికినది మహాసభ బెదిరింపు విన్న సంఘం. హేరోదు, పిలాతులు చేసినది సైతం దేవుని సంకల్పాన్ని దాటలేదని ఒప్పుకొన్నవారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు, ధైర్యమిమ్మని ప్రార్థించారు. తలరాతను నమ్మినవాడు అలా ప్రార్థించడు! ఎఫెసీ పత్రికను వ్రాసినవాడు ఖైదీ (3:1). రోమా 8లో ఈ మాటకు ముందు సృష్టి మూలుగు, తరువాత కరవు, ఖడ్గము ఉన్నాయి. అక్కడ పౌలు చూపే గమ్యం విశ్వాసి క్రీస్తును పోలినవాడగుట. శ్రమ లేని జీవితాన్ని ఆయన వాగ్దానం చేయలేదు.

కాల్విన్ 1539లో ఈ బోధను దైవ సంరక్షణతో కలిపి ఒకే అధ్యాయంలో వ్రాశాడు. 1559 నాటి తుది కూర్పులో రెంటినీ వేరుచేసి, దీనిని మూడవ పుస్తకంలో, ప్రార్థనను గూర్చిన అధ్యాయం తరువాత ఉంచాడు. ఈ మార్పు చిన్నది కాదని మా అభిప్రాయం. కృపను రుచి చూచినవాడు అది ఎక్కడనుండి వచ్చినదని వెనుకకు తిరిగి అడిగే ప్రశ్నగా ఏర్పాటు అక్కడ కనిపిస్తుంది. మన ఏర్పాటును చూచుకొనవలసిన అద్దం క్రీస్తే అని కూడా ఆయన బోధించాడు. మన అనుభూతులలో దానిని వెదకితే దొరకదు. (వెస్లీ 1739లో ఈ బోధను గట్టిగా ఖండించాడు, ఆ వాదం వేరే వ్యాసానికి తగినది.)

అయితే ఆ అద్దంలో చూడలేనివాని సంగతి ఏమిటి? డార్ట్ మహాసభ (1618–19) దీనిని విస్మరించలేదు. నిశ్చయతను ఇంకా బలంగా అనుభవించలేకపోతున్నవారు తమను త్యజింపబడినవారిలో లెక్కించుకొనరాదనీ, వాక్యము మొదలైన కృపా సాధనాలను విడువక కనిపెట్టవలెననీ తీర్మానించింది.

ఆంగ్ల కవి విలియం కౌపర్ 1773లో తీవ్రమైన మనోవ్యాధికి లోనై, దేవుడు తనను త్రోసివేశాడని నమ్మాడు. ఓల్నీ కాపరి జాన్ న్యూటన్ అతణ్ని ఏడాదికి పైగా తన ఇంటిలోనే ఉంచుకొన్నాడు. వ్యాధిని అవిశ్వాసమని తీర్పు తీర్చే కాపరులు ఈ చరిత్రను చదవవలెను. 1800లో మరణించేవరకు కౌపర్‌ను ఆ నిరాశ విడువలేదు. న్యూటన్ మాత్రం అతణ్ని చివరివరకు ప్రభువునందు సహోదరునిగానే ఎంచాడు.