రెండు కదలికలు వదులుకున్న చెయ్యి

1969లో స్టాన్‌ఫర్డ్‌లో విక్టర్ షైన్‌మన్ ఆరు కీళ్ల రోబో చెయ్యి తయారు చేశారు. 1978లో జపాన్‌లో, యమనాషి విశ్వవిద్యాలయంలో హిరోషి మకినో చేసిన నమూనాకు ఉన్నవి నాలుగే. అయినా ఫ్యాక్టరీల్లో అది దూసుకుపోయింది. దాని పేరు స్కారా.

ఆరు ఎందుకంటే, గాల్లో వదిలేసిన వస్తువు మూడు దిక్కుల్లో జరగగలదు, మూడు రకాలుగా తిరగగలదు. ఇంజనీర్లు వీటిని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. తలుపుకు బందు వేస్తే అందులో ఐదు పోయి ఒకటి మిగులుతుంది. రోబో కీలూ అంతే. అలాంటివి ఆరు సరిగ్గా అమర్చితే, చేతి కొస తన పరిధిలో ఎక్కడికైనా, ఏ వాలులోనైనా చేరుతుంది.

మకినో చూసింది ఫ్యాక్టరీ బల్లని. స్క్రూ బిగించాలన్నా, సర్క్యూట్ బోర్డులో భాగం గుచ్చాలన్నా పని దాదాపు ఎప్పుడూ పైనుంచి నిటారుగా కిందికే. మరి చెయ్యి పక్కలకు వాలడం దేనికి? ఆ రెండు వాలు కదలికలూ తీసేశారు. రెండు కీళ్లు అడ్డంగా తిరుగుతాయి, కొసనున్న కడ్డీ పైకీ కిందికీ జరుగుతుంది, తన చుట్టూ తాను తిరుగుతుంది. నిలువునా గట్టిగా నిలబడే ఈ చెయ్యి పక్కలకు మాత్రం కాస్త లొంగుతుంది. అందుకే పిన్ను రంధ్రానికి వెంట్రుకవాసి పక్కన దిగినా సర్దుకుని లోపలికి పోతుంది. అసలు తెలివి ఇక్కడుందని నాకనిపిస్తుంది. 1981 నుంచి ఇది మార్కెట్లో ఉంది.

గణాంక శాస్త్రంలోనూ ఇదే లెక్క. ఐదు సంఖ్యల సగటు 20 అనుకోండి. నాలుగింటిని మీ ఇష్టం వచ్చినట్టు ఎంచుకోవచ్చు: 12, 25, 18, 30. ఐదోది 15 అయి తీరాలి. సగటు అనే కట్టుబాటు ఒక స్వేచ్ఛను తినేసింది. గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ దీన్ని జ్యామితిగానే చూశారు: ఐదు కొలతలంటే ఐదు దిక్కులున్న చోట ఒక బిందువు, సగటు బిగిస్తే దానికి ఒక దిక్కు మూసుకుపోతుంది.

ఈ తీసివేత మీద పెద్ద తగవే నడిచింది. కై-స్క్వేర్ పరీక్షను 1900లో ఇచ్చిన కార్ల్ పియర్సన్, రెండు అడ్డు వరసలు, రెండు నిలువు వరసలున్న పట్టికకు మూడు స్వేచ్ఛలన్నారు. అడ్డు, నిలువు మొత్తాలు తెలిశాక ఒక్క గడి నింపితే మిగతా మూడూ వాటంతటవే వస్తాయి, కాబట్టి ఒకటే అని 1922లో ఫిషర్ వాదించారు. పియర్సన్ ఒప్పుకోలేదు. నేటి పాఠ్యపుస్తకాల్లో ఉన్నది ఫిషర్ లెక్కే.

మళ్లీ రోబోల దగ్గరికొస్తే, కీళ్లు ఆరు దాటితే? 2001లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన రోబో చెయ్యి కెనడార్మ్2కి ఏడు కీళ్లు. మన చేతికీ దాదాపు అంతే. అరచేతిని బల్లకు ఆనించి, భుజాన్ని ఉన్నచోటే ఉంచి మోచేతిని తిప్పి చూడండి, కదులుతుంది. కొస ఒకచోటే ఉన్నా మోచెయ్యి నిలవగల చోట్లు లెక్కలేనన్ని. వాటిలో ఒకటి ఎంచుకోవడానికి కంప్యూటర్‌కు ఇంకో షరతు పెట్టాల్సిందే.