కుంకుమ బొట్టు పెట్టిన కంప్యూటరు

కోయంబత్తూరులో మా నాన్నగారు పంపుసెట్ల విడిభాగాల కొట్టు పెట్టి యాభై ఏళ్ళు దాటింది. ఏటా ఆయుధపూజకి తక్కెడకీ, పానాలకీ, గల్లాపెట్టెకీ గంధం, కుంకుమ పెడతాం. కంప్యూటరు వచ్చాక దానికీ పెడుతున్నాం. 2022లోనూ పెట్టాం. బూడిద గుమ్మడికాయ కొట్టి, మరమరాలూ పుట్నాలూ పంచి, రెండు రోజులు కొట్టు మూసుకుని ఇంటికి పోయాం.

మూడోరోజు పొద్దున మా అబ్బాయి కంప్యూటరు వేస్తే ఒక్క బిల్లూ తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివరా అర్థంకాని తోక ఒకటి తగిలించి ఉంది. తెరమీద ఇంగ్లీషులో ఓ చీటీ. మీ లెక్కలన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే బిట్‌కాయిన్లలో డబ్బు కట్టండి అని దాని సారాంశం. మర్యాదకేమీ లోటు చేయలేదు. సందేహాలుంటే ఈ చిరునామాకి రాయమని కూడా చెప్పారు!

దీన్నే రాన్సమ్‌వేర్ అంటారట. మనిషిని ఎత్తుకుపోయి డబ్బడిగే పాత పద్ధతే. కాకపోతే ఇక్కడ మన సొత్తుని మన ఇంట్లోనే బందీ చేస్తారు. ఇది నిన్నమొన్నటి విద్య కూడా కాదు. 1989లోనే ఎయిడ్స్ వ్యాధి గురించిన సమాచారమని చెప్పి వేలకొద్దీ ఫ్లాపీలు తపాలాలో పంపారు. వాటిని వేసుకున్నవాళ్ళ కంప్యూటర్లు కొన్నాళ్ళకి మొరాయించాయి. 189 డాలర్లు పనామాలోని ఒక పోస్టుబాక్సుకి పంపితే బాగవుతాయన్నారు.

మాకు కాపీ ఉందిగా అని నేను ధైర్యంగానే ఉన్నాను. రోజూ సాయంత్రం మా అబ్బాయి లెక్కలన్నీ పెన్‌డ్రైవులో ఎక్కిస్తాడు. ఆ పెన్‌డ్రైవు ఎక్కడుందిరా అంటే, కంప్యూటరు వెనకాలే గుచ్చి ఉంది. దానికీ తాళం పడింది. ఇనప్పెట్టె తాళంచెవి ఇనప్పెట్టెకే వేలాడదీసి ఊరెళ్ళినవాడి తెలివి మాది.

కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు వచ్చీరాగానే అంతా తుడిచేసి కొత్తగా ఎక్కిస్తానన్నాడు. బెంగుళూరులో ఉండే మా మేనల్లుడు ఫోనులోనే ఆపించాడు. "మామయ్యా, ముందు నెట్ తీగ పీకేయండి. పక్క కంప్యూటరు వేయకండి. ఏదీ తుడవకండి, ఆ డిస్కు అలాగే దాచండి" అన్నాడు. తాళం వేసిన ఫైళ్ళు ఉంటే, దాని చెవి ఎప్పటికైనా దొరకవచ్చునట. యూరప్ పోలీసులూ కొన్ని కంపెనీలూ కలిసి 2016లో మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ అనే చోట కొన్ని రకాల తాళాలకి చెవులు ఉచితంగా ఇస్తారు. వెతికాం. మా రకానికి లేదు. డబ్బు కట్టి వదిలించుకుందామని మా తమ్ముడన్నాడు. కట్టినవాళ్ళందరికీ చెవి వచ్చిన దాఖలా లేదని మేనల్లుడన్నాడు. నేను కట్టలేదు. ఆ రాత్రి నిద్రా పట్టలేదు.

అమ్మకాలూ కొనుగోళ్ళూ చాలామటుకు తిరిగొచ్చాయి. జీఎస్టీ పోర్టల్లో మేము దాఖలు చేసినవీ, మాకు సరుకు అమ్మినవాళ్ళు దాఖలు చేసినవీ ఉన్నాయి. ఆడిటరుగారి దగ్గర మార్చి నాటి కాపీ ఒకటి దొరికింది. దొరకనిది బాకీల లెక్క. ఎవరు ఎంత కట్టారు, ఎంత మిగిలింది అన్నది ప్రభుత్వానికెందుకు? అది మా కంప్యూటరులో తప్ప మరెక్కడా లేదు.

అంతకు రెండేళ్ళ ముందుదాకా మా గుమాస్తాగారు ఆ లెక్క నోటుపుస్తకంలో తెలుగులో రాసేవారు. మా నాన్నగారి కాలం మనిషి. కంప్యూటరుండగా ఎందుకీ రెండు చాకిరీలు అని ఆపించింది నేనే. ఆ రోజు ఆయన నన్నొక్క మాటా అనలేదు. పాత పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, చివరి పేజీ తిప్పి చూపించారు. అంటే బాగుండేది.

ఖాతాదారులు చాలామంది తమంత తామే వచ్చి, మా బాకీ ఇంత అని చెప్పి కట్టారు. పొల్లాచ్చి నుంచి ఒక పెద్దాయన బస్సెక్కి వచ్చి మరీ కట్టి వెళ్ళారు. కొందరు రాలేదు. సుమారు నాలుగు లక్షలు పోయాయి.

దీపావళికి మేనల్లుడు వచ్చి, కాగితమ్మీద పది ప్రశ్నలు రాసి నన్ను పరీక్షకి కూర్చోబెట్టాడు. ఏది ఆగితే కొట్టు ఆగుతుంది? ఎన్ని రోజులు తట్టుకోగలరు? కాపీలు ఎన్ని, ఎక్కడ? ఎప్పుడైనా కాపీలోంచి లెక్కలు తిరిగి తీసి చూశారా? బయటివాళ్ళెవరు మీ కంప్యూటరులోకి రాగలరు? నాకు పదికి రెండు మార్కులొచ్చాయి. బయటివాళ్ళ ప్రశ్న దగ్గరే దొంగ దొరికాడు. ఆడిటరుగారి ఆఫీసువాళ్ళు దూరంనుంచి మా లెక్కలు చూసుకోవడానికి ఎప్పుడో ఒక దారి తెరిచాం, మళ్ళీ మూయలేదు. దాని పాస్‌వర్డు మా కొట్టు పేరూ, పక్కన 123. దొంగలకి సెలవురోజులంటే ఇష్టమట, అడిగేవాడుండడని.

చిన్న కొట్టువాళ్ళం, మనజోలికి ఎవరొస్తారనుకోకండి. తాళం సరిగా పడని తలుపుల్ని యంత్రాలే వీధివీధీ తిరిగి వెతుకుతాయి. 2017 మే 12న ప్రపంచమంతా పాకిన వాన్నాక్రై, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లనీ వదల్లేదు. దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్ళే దొరికిపోయారు. ఇంగ్లండులో 158 ఏళ్ళ లారీ రవాణా కంపెనీ ఒకటి ఇలాంటి దెబ్బకే 2023లో మూతపడి, సుమారు 700 మంది వీధిన పడ్డారు.

ఇప్పుడు మావి మూడు కాపీలు. ఒకటి కంప్యూటరులో, ఒకటి ఇంటర్నెట్టులో, ఒకటి బయటి డిస్కులో. డిస్కులు రెండున్నాయి, వారం మార్చి వారం ఎక్కిస్తాం. ఎక్కించగానే పీకి మా ఆవిడ బీరువాలో పెడతాం. అన్నిటికన్నా బుద్ధి చెప్పింది తిరిగి తీసే పరీక్ష. మొదటిసారి కాపీ తెచ్చి పాత లాప్‌టాప్‌లో తెరవబోతే, అందులో ఫోల్డరుంది గాని లెక్కల్లేవు! మా అబ్బాయి నాలుగు నెలలుగా వేరే ఫోల్డరు ఎక్కిస్తున్నాడు. ఇప్పుడు మూడు నెలలకోసారి గడియారం పెట్టుకుని తీసి చూస్తాం. పోయినసారి రెండు గంటల పది నిమిషాలు పట్టింది.

గల్లాపెట్టె పైన గోడకి ఒక కాగితం అంటించాం. తీగ పీకు, తుడవకు, 1930కి ఫోన్ చెయ్యి, ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్‌కి తెలియజెయ్యి అని నాలుగే మాటలు. ఆ చివరిది 2022 నాటి ప్రభుత్వ ఆదేశం. కంప్యూటరులో రాసి పెట్టుకుంటే దానికీ తాళం పడుతుంది కదా, అందుకని కాగితం. గుమాస్తాగారికి కొత్త నోటుపుస్తకమూ కొనిచ్చాను. వారానికి రెండు రోజులే వస్తారిప్పుడు. వచ్చినప్పుడు బాకీలు రాస్తారు.

ఈమధ్య పరీక్షలో తొమ్మిది మార్కులొచ్చాయి. పోయిన ఒక్కటీ బిల్లులు కొట్టే కంప్యూటరుది. అందులో ఉన్నది విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి మామూలుగా వచ్చే మరమ్మతులు ఆగిపోయాయి. కొత్తది కొందామంటే మా పాత ప్రింటరు దానితో పని చేయనంటోంది. ప్రస్తుతానికి దాన్ని ఇంటర్నెట్టు నుంచి విడదీసి వాడుతున్నాం. మేనల్లుడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "మామయ్యా, ఆ ప్రింటరు ఇంకా బతికే ఉందా?" అని అడుగుతుంటాడు.