ఫ్లాష్: వద్దన్నవాళ్లే కొన్నారు, కొన్నవాళ్లే ఆపేశారు

2000 దశకంలో మార్కాపురం, కంభం, గిద్దలూరు లాంటి ఊళ్లలో ఇంటర్నెట్ అంటే నెట్ సెంటరే. హాల్ టికెట్ తీసుకోవడానికో, ఎంసెట్ ర్యాంకు చూసుకోవడానికో వెళ్లిన పిల్లలు పని అయిపోయాక మిగిలిన కాసేపూ ఆటలాడుకునేవాళ్లు. సీడీ పెట్టక్కర్లేదు, కంప్యూటర్లోకి ఏమీ ఎక్కించక్కర్లేదు. పేజీ తెరిస్తే చాలు, బైకు గుట్టలెక్కేది, బంతి గోడకు తగిలి తిరిగొచ్చేది. ఆ ఆటల్లో చాలావాటిని తయారుచేసిన ప్రోగ్రామ్‌కూ, ఆడించిన ప్లేయర్ ప్రోగ్రామ్‌కూ పేరు ఒకటే. ఆ పేరు ఫ్లాష్. దాని పుట్టుక అమెరికాలో, చివరి పదమూడేళ్లు మాత్రం అది ఒక తెలుగువాడు నడిపిన కంపెనీ చేతుల్లో ఉంది.

దీన్ని తయారుచేసింది జోనథన్ గే. కాలిఫోర్నియాలో బడికెళ్లే వయసులోనే కంప్యూటర్ మీద ఆటలు రాయడం మొదలుపెట్టాడు. 1986లో వచ్చిన డార్క్ క్యాజిల్ ఆటకు ప్రోగ్రామ్ రాసింది అతనే. 1993 జనవరిలో మరో ఇద్దరితో కలిసి ఫ్యూచర్‌వేవ్ అనే చిన్న కంపెనీ పెట్టి, తెర మీద పెన్నుతో రాసే కంప్యూటర్ల కోసం స్మార్ట్‌స్కెచ్ అనే బొమ్మల ప్రోగ్రామ్ రాశాడు. ఏడాది తిరిగేసరికి ఆ కంప్యూటర్ల వ్యాపారమే మూతపడింది. ప్రోగ్రామ్‌ను విండోస్‌కూ మాకింటోష్‌కూ మార్చి, 1995లో ఒక గ్రాఫిక్స్ ప్రదర్శనకు పట్టుకెళ్తే, చూసినవాళ్లు ఈ బొమ్మల్ని కదిలించగలిగితే బాగుంటుందన్నారు. అలా కదలిక చేర్చి, ఆ ఏడాది అక్టోబరులో అడోబీ కంపెనీకి చూపించారు. బొమ్మలు నత్తనడక నడిచాయి, అడోబీ వద్దంది. 1996లో అదే ప్రోగ్రామ్ ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ పేరుతో బజారులోకొచ్చింది. మైక్రోసాఫ్ట్, డిస్నీ తమ సైట్లలో వాడాయి. అదే ఏడాది డిసెంబరులో మాక్రోమీడియా కొనేసి ఫ్లాష్ అని పేరు పెట్టింది. వద్దన్న అడోబీయే 2005లో సుమారు 340 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి మాక్రోమీడియాను మొత్తంగా కొనుక్కుంది.

ఇంతకీ ఇందులో ఉన్న గొప్ప ఏమిటి? ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఫ్లాష్‌లో కొత్త ఫైలు తెరిస్తే వచ్చే తెల్లటి వేదిక 550 చుక్కల వెడల్పు, 400 చుక్కల ఎత్తు. మొత్తం 2,20,000 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు మూడు బైట్లు వేసుకుంటే ఒక్క బొమ్మకు 6,60,000 బైట్లు. ఆనాటి 56 కిలోబిట్ల డయలప్ లైను పూర్తి వేగంతో నడిచినా సెకనుకు వచ్చేది 7,000 బైట్లే. అంటే కుదించకుండా పంపితే ఒక్క బొమ్మ రావడానికే నిమిషంన్నర. సెకనుకు 12 బొమ్మలు మారితేగానీ కదలిక కనిపించదు. ఫ్లాష్ అసలు చుక్కల జోలికే పోలేదు. గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, మధ్యలో ఎటు వంగింది అనే మూడు బిందువులే దాచుకుంది. ఇలాంటి ఎనిమిది వంపులు కలిస్తే కంటికి గుండ్రంగా కనిపించే బంతి వస్తుంది. దానికి కొన్ని పదుల బైట్లు చాలు. బంతిని మొదటి ఫ్రేములో ఎడమ వైపు, ఇరవై నాలుగో ఫ్రేములో కుడి వైపు పెట్టి ‘ట్వీన్’ అని చెబితే, నడుమనున్న ఇరవై రెండు ఫ్రేములనూ కంప్యూటరే పూరించుకునేది. చూసేవాడి కంప్యూటర్ ఆ వివరం చదువుకుని బొమ్మ అక్కడికక్కడ గీసుకునేది. లైను మీద ప్రయాణించేది బొమ్మ కాదు, బొమ్మ గీసే పద్ధతి.

2000లో వచ్చిన ఐదో వెర్షన్‌తో యాక్షన్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష దీనికి తోడైంది. నా దృష్టిలో ఫ్లాష్ జీవితంలో అసలు మలుపు ఇదే. బొమ్మలు వేసే చెయ్యి, ప్రోగ్రామ్ రాసే చెయ్యి ఒకే మనిషివి కావడానికి వీలు కుదిరింది. ఒక కుర్రవాడు ఒంటరిగా కూర్చుని బొమ్మ గీసి, కదిలించి, శబ్దం కలిపి, గెలుపోటములు రాసి, అన్నీ ఒకే ఫైలుగా కట్టి ప్రపంచం మీదకు వదలగలిగాడు. అదే ఏడాది టామ్ ఫల్ప్ అనే అమెరికన్ యువకుడు తన న్యూగ్రౌండ్స్ సైట్‌లో ఎవరి ఆట వాళ్లే పెట్టుకునే ఏర్పాటు చేశాడు. పెద్ద కంపెనీ గడప తొక్కకుండానే ఆటల తయారీ నేర్చుకున్న ఒక తరం అక్కడ పెరిగింది. 2009లో ఫేస్‌బుక్‌లో జనాన్ని పొలం పనుల్లో ముంచేసిన ఫార్మ్‌విల్ కూడా ఫ్లాష్ ఆటే.

చిక్కు నిర్వహణ దగ్గర వచ్చింది. వేలమంది తయారుచేసిన ఆటలు ఆడుతూనే ఉండాలి, కొత్త సౌకర్యాలు చేరుతూనే ఉండాలి. 2006లో యాక్షన్‌స్క్రిప్ట్ మూడో రూపం వచ్చినప్పుడు దాని కోసం కొత్త ఇంజను కట్టారు, కానీ పాత ఆటల కోసం పాత ఇంజనునూ లోపలే ఉంచారు. కంభం చెరువు ఎరిగినవాళ్లకు ఈ కష్టం వెంటనే అర్థమవుతుంది. శతాబ్దాలనాటి కట్ట అది. ఏ తూము కింది ఆయకట్టు రైతులు ఆ తూమును మూయనివ్వరు, నీటి ఒత్తిడి ముందు చూసుకోవలసిందీ తూముల దగ్గరే. ఫ్లాష్‌లోనూ ఒక్క పాత దారినీ మూయలేదు. పాత దారులూ కొత్త దారులూ కలిసి దొంగలు దూరే చోట్లు పెరిగాయి. మెమరీని తప్పుగా వాడే లోపాలు ఒకదాని తర్వాత ఒకటి బయటపడ్డాయి. అడోబీ ఇంజనీర్లు ఒకటి పూడిస్తే మరొకటి తెరుచుకునేది.

ఇక్కడే మన తెలుగువాడు కథలోకి వస్తాడు. హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో, ఆపైన ఉస్మానియాలో చదివిన శాంతను నారాయణ్ 2007 డిసెంబరులో అడోబీ అధిపతి అయ్యాడు. ఆ ఏడాదే వచ్చిన ఐఫోన్‌లో ఫ్లాష్‌కు చోటు దక్కలేదు. 2010 ఏప్రిల్ 29న ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాశాడు. ఫ్లాష్ బ్యాటరీ తాగేస్తుంది, భద్రత లేదు, వేలితో తాకే తెరకు పనికిరాదు, ఒకే కంపెనీ గుప్పిట్లో ఉంది అన్నాడు. నారాయణ్ అదే రోజు వాల్‌స్ట్రీట్ జర్నల్‌తో మాట్లాడి బ్యాటరీ ఆరోపణ పచ్చి అబద్ధమన్నాడు. గుప్పిట్లో ఉందన్న మాట ఆపిల్ నోట రావడం నాకూ సబబుగా తోచదు, అప్పట్లో ఐఫోన్‌లోకి ఏ ప్రోగ్రామ్ రావాలో తేల్చింది ఆపిలే కదా. అయితే భద్రత విషయంలో, తాకే తెర విషయంలో జాబ్స్ చెప్పింది నిజమే. మౌస్ బాణం బటన్ మీదకు రాగానే రంగు మారే ఆటలు, బాణమే లేని తెర మీద ఏం చేయగలవు? 2011 నవంబరులో ఫోన్ బ్రౌజర్లకు ఫ్లాష్ తయారుచేయడం అడోబీ మానేసింది. 2015 జూలైలో హ్యాకింగ్ టీమ్ అనే ఇటలీ కంపెనీ రహస్య ఫైళ్లు బయటపడినప్పుడు, ఫ్లాష్‌లో అంతవరకు ఎవరూ పూడ్చని లోపాలు వాటిలో కనిపించాయి. ఫైర్‌ఫాక్స్ కొద్ది రోజులు ఫ్లాష్‌ను ఆపేసింది. ఫ్లాష్‌కు చివరి తేదీ ప్రకటించమని ఫేస్‌బుక్ భద్రతాధికారి అలెక్స్ స్టామోస్ బహిరంగంగానే అడిగాడు.

ఆ తేదీ 2017 జూలై 25న ఖరారైంది. అడోబీతోపాటు ఆపిల్, గూగుల్, ఫేస్‌బుక్, మొజిల్లా, మైక్రోసాఫ్ట్ ఒకే రోజున చెప్పాయి. అప్పుడు మైక్రోసాఫ్ట్‌ను నడుపుతున్న సత్య నాదెళ్ల కూడా బేగంపేట బడిలో చదివినవాడే. 2020 డిసెంబరు 31తో మరమ్మతులు ఆగిపోయాయి. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనంతట తానే ఆడించడం మానేసింది. ఆటలే కాదు, దక్షిణాఫ్రికా పన్నుల శాఖ ఫారాలూ ఇరుక్కున్నాయి. ఆ ఫారాల కోసం ఆ శాఖ ప్రత్యేకంగా ఒక బ్రౌజరే విడుదల చేయాల్సి వచ్చింది.

అందరూ చివరి రోజు దాకా కూర్చోలేదు. పిల్లలు రంగు దిమ్మెలు పేర్చి ఆటలు తయారుచేసే స్క్రాచ్ రెండో రూపం 2013లో ఫ్లాష్ మీద కట్టుకున్నదే. ఎంఐటీలోని దాని బృందం ముందే మేలుకుని మొత్తం తిరగరాసి, 2019 జనవరి 2న ఫ్లాష్ అవసరం లేని మూడో రూపం విడుదల చేసింది. పిల్లలు అంతకుముందు చేసిన ప్రాజెక్టులు కొత్త ఇంట్లోనూ తెరుచుకున్నాయి.

ఫ్లాష్‌ను ఆపినందుకు నేను అడోబీని తప్పుపట్టను. దాని లోపలి రాతను, అంటే సోర్స్ కోడ్‌ను, జనానికి ఇవ్వకపోవడాన్నే తప్పుపడతాను. 2017లోనే అది ఇమ్మన్న విన్నపం ప్రోగ్రామర్ల సంతకాలతో వెళ్లింది. ఇతరుల దగ్గర లైసెన్సుకు తెచ్చుకున్న భాగాలుంటే అవి తీసేసి మిగతాది ఇవ్వండి, ఖాళీలు మేం పూరించుకుంటాం అన్నారు. ఇవ్వలేదు. దాంతో మైక్ వెల్ష్ మొదలుపెట్టిన రఫుల్ అనే ప్రోగ్రామ్ బృందం, ఫ్లాష్ ఎలా ప్రవర్తించేదో చూసి చూసి, రస్ట్ భాషలో మొదటి నుంచి మళ్లీ రాస్తోంది. మెమరీ తప్పుల్లో చాలావాటిని మొదట్లోనే అడ్డుకునే భాష అది. 2020 నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ పాత ఫ్లాష్ బొమ్మలనూ ఆటలనూ రఫుల్‌తో ఆడించడం మొదలుపెట్టింది. మరో పక్క ఆస్ట్రేలియాకు చెందిన బెన్ లాటిమోర్ మొదలుపెట్టిన ఫ్లాష్‌పాయింట్‌లో వాలంటీర్లు లక్షకు పైగా ఆటలు సేకరించి దాచారు. జీతం తీసుకునే ఇంజనీర్లు వదిలేసిన పనిని జీతం లేనివాళ్లు ఎత్తుకున్నారు.

ఈ కథ ఫ్లాష్‌తో ఆగలేదు. 2023 సెప్టెంబరులో యూనిటీ కంపెనీ, తన ఆటల తయారీ ఇంజనుతో చేసిన ఆట ఆదాయమూ వాడకమూ ఒక హద్దు దాటితే, ఆపైన ఎవరైనా దాన్ని ఎక్కించుకున్న ప్రతిసారీ తయారీదారు రుసుము కట్టాలని ప్రకటించింది. గొడవ ముదిరాక కొంత తగ్గి, ఏడాదికి పూర్తిగా రద్దు చేసింది. ఆ రోజుల్లో చాలామంది కళ్లు గోడో వైపు మళ్లాయి. అర్జెంటీనా ప్రోగ్రామర్లు మొదలుపెట్టి 2014లో లోపలి రాతతో సహా ఉచితంగా ఇచ్చేసిన ఇంజను అది. రేపు దాని బృందం చేతులెత్తేసినా మరొకరు అందుకోవచ్చు.

గిద్దలూరులోనో, మార్కాపురంలోనో ఇంజనీరింగ్ చదువుతూ ఆటలు తయారుచేయాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఇదే: సాధనం ఎంచుకునేటప్పుడు అది ఎంత బాగుందో చూసినట్టే, పాడైతే ఎవరు బాగుచేయొచ్చో కూడా చూడండి. ఇక పాతికేళ్ల కిందట ఫ్లాష్ నేర్చుకుని పెళ్లి సీడీలకు మెనూలు, బడి పాఠాలకు బొమ్మలు చేసినవాళ్లు మన ఊళ్లలోనూ ఉంటారు. వాళ్లకో మనవి. ఆ పాత సీడీలు పారేయకండి. వాటిలో ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలుంటే రఫుల్‌లో తెరిచి చూడండి. ఎఫ్‌ఎల్‌ఏ ఫైలు కూడా ఉంటే ఇంకా మంచిది, మీరు గీసిన గీతలన్నీ విడివిడిగా అందులోనే ఉంటాయి. సీడీ చెడిపోకముందే రెండు చోట్ల కాపీ చేసి పెట్టుకోండి.