పరదేశపు పాఠము, విశాఖ కడలి

సముద్రజీవుల పరిసరములను గూర్చి చదువుటకై విశాఖపట్టణమునుండి పరదేశమునకు పోవు విద్యార్థికి మొదట వింతగొలుపునవి పోటుపాటులు. ఇంగ్లండులో 1888లో ప్రారంభమైన ప్లిమత్ పరిశోధనశాల చెంత పెద్దపోటు దినములలో నీరు దాదాపు 5 మీటర్లు ఎక్కి దిగును. బయటపడిన రాళ్లపై ఏ జీవి ఏ ఎత్తున నివసించునో నడచుచునే చూడవచ్చును. విశాఖలో ఆ తేడా 2 మీటర్లకు లోపే. అచ్చటి గ్రంథములోని పటము ఇచ్చటి రాళ్లకు అతకదు.

అంతకంటె పెద్ద చిక్కు ఋతువులది. చలిదేశపు కడలిలో శీతకాలపు గాలులు నీటిని కలచి పోషక లవణములను పైకి తెచ్చును. కాని వెలుతురు చాలదు. వసంతమున ఎండ హెచ్చగానే ప్లవకములు, అనగా నీటితో కొట్టుకొనిపోవు సూక్ష్మజీవులు, ఒక్కుమ్మడిగా పెరుగును. చేపల తిండికి మూలమవియే. మనకో, ఎండకు కొదువ యెన్నడును లేదు. కొదువయెల్ల అడుగునున్న లవణములు పైకి చేరుటలోనే. వానిని చేర్చునదేది?

దీనికి సమాధానము వెదకుటకు గురువే ఎదురు వచ్చెను. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థయందు పనిచేసియున్న యూజీన్ లాఫాండ్ 1952లో ఫుల్‌బ్రైట్ ఆచార్యుడుగా ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, ఇచ్చటి విద్యార్థులతో నౌకాదళపు ఓడలపై వెళ్లి నీటి వేడిమిని, ఉప్పదనమును, ప్రవాహమును కొలిచెను. మార్చి మొదలు మే వరకు నైరుతిగాలి తీరము వెంబడి వీచును. భూభ్రమణముచేత పైనీరు గాలికి కుడివైపునకు, అనగా తీరమునకు దూరముగా తొలగును. ఆ చోటికి చల్లని, ఉప్పదనము హెచ్చిన అడుగునీరు లేచి వచ్చును. వానకారు గడచి ఈశాన్యపుగాలి తిరుగగానే అంతయు తలక్రిందగును. నదులు తెచ్చిన మంచినీరు తేలికైనది కావున పైన పరచుకొని మూతవలె నిలుచును. జంతుశాస్త్ర విభాగమున ఆచార్య పి. ఎన్. గణపతియు శిష్యులును ప్లవకముల హెచ్చుతగ్గులను పరిశీలించిరి.

మేమింత వివరించుటకు కారణము కలదు. ఒక్క మాసములో ముంచిన నీటిని చూచి ఈ కడలి సారవంతమనియో, నిస్సారమనియో తీర్పు చెప్పుట తగదు. తీరప్రవాహము వసంతమున ఉత్తరమునకు, వానకారు వెళ్లిన పిదప దక్షిణమునకు సాగును గనుక, రేవునుండి సముద్రమున కలసిన మురుగు ఎటు పోవునో చెప్పుటకును ఋతువును అడుగవలసినదే. పరదేశమునుండి తెచ్చుకొనవలసినది కొలిచెడి పద్ధతి. కొలత మాత్రము ఇచ్చట, ఏడాది పొడవునా తీయవలెను.

లాఫాండ్ ఈ తీరమును మరువలేదు. 1963లో ఆంటన్ బ్రూన్ ఓడపై మరల వచ్చి, సముద్రగర్భమున కనుగొన్న మూడు లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ యని పేరిడెను. మహదేవన్ వాల్తేరులో భూగర్భశాస్త్రాచార్యులుగా నుండిరి.