బస్తా మీద ముద్ర: కూలీకి దక్కేదెంత?

ఆమదాలవలస: ఫెయిర్ ట్రేడ్ ముద్ర గల సరకుకు విదేశాలలో విడిగా గిరాకీ ఉన్నది. రైతుకు న్యాయమైన ధర అనే హామీతో 1988లో నెదర్లాండ్స్‌లో కాఫీతో మొదలైన ఈ పద్ధతి తరువాత తేయాకు, పత్తి, జీడిపప్పులకు విస్తరించింది. అయితే కొనుగోలుదారు ఇచ్చే అదనపు సొమ్ము పొలంలో పనిచేసే కూలీదాకా చేరుతున్నదా?

కాఫీ లెక్కే చూస్తే, కడిగిన అరబికా రకానికి పౌనుకు 1.80 డాలర్ల కనీస ధర 2023 ఆగస్టు నుంచి అమలులోకి వచ్చింది. దానిపై 20 సెంట్ల ప్రీమియం, అనగా క్వింటాలుకు సుమారు 44 డాలర్లు. మార్కెట్ ధర అంతకు మించితే మార్కెట్ ధరే చెల్లించాలి. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ ధర 4 డాలర్లు దాటినప్పుడు కనీస ధరతో పనే లేకపోయింది. ముద్రకు మిగిలిన విలువ ప్రీమియమే.

చిన్న రైతుల విషయంలో ఈ ప్రీమియం సంఘం ఖాతాకు జమ అవుతుంది. ఖర్చును సభ్యులే తీర్మానిస్తారు. సరకు అమ్మని దినకూలీ సభ్యుడు కాడు. పెద్ద తేయాకు తోటలలో మాత్రం ఆ నిర్ణయం కార్మికుల కమిటీది.

కోస్టారికా కాఫీపై డ్రాగుసాను, మోంటెరో, నన్ అనే ఆర్థికవేత్తలు జరిపిన పరిశీలన 2022లో వెలువడింది. తోటల యజమానుల ఆదాయం పెరిగిందని, మధ్యవర్తుల ఆదాయం తగ్గిందని, కూలీలకు లాభం కానరాలేదని అందులో తేలింది. ఇథియోపియా, ఉగాండాలపై లండన్ సోయాస్ సంస్థ 2014లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ముద్ర గల సంఘాలున్న చోట కూలి రేట్లు ఇతర ప్రాంతాలకన్న తక్కువ.

అరకు కాఫీ తీరు వేరు. అక్కడి గిరిజన రైతులవి చిన్న కమతాలు. పండు కోతలో ఇంటివారి శ్రమే ఎక్కువ. అమ్మేవారు, పనిచేసేవారు ఒకరే గనుక అదనపు ధర శ్రమించిన చేతికే వస్తుంది.

పలాస జీడిపప్పు వ్యాపారంలో అలా కాదు. తోట ఒకరిది, పిక్కల కొనుగోలు ఇంకొకరిది, కార్ఖానాలో పప్పు తీసే మహిళల కూలి వేరే పద్దు. రైతు సంఘానికి ముద్ర వచ్చినంత మాత్రాన ఆ పద్దు మారదు.

కనుక ముద్ర గల సరకుకు ఆర్డరు పుచ్చుకునే వర్తకులు ప్రీమియం ఎవరి ఖాతాకు పోతున్నదో, కూలి రేటుపై షరతు ఉన్నదో లేదో ముందే చూసుకోవడం మంచిది. ఆ షరతు లేనిచోట ముద్ర అమ్మకందారుకు ధర హామీయే గాని, కూలీకి వేతన హామీ కాదు.