కొండ మీదికి పాత జీపు కొంటున్నారా? తేదీల మధ్య ఖాళీ చూడండి

జీవామృతం వీడియోలు పెట్టినప్పుడల్లా అరకు, అనంతగిరి, హుకుంపేట వైపు నుంచి ఒకటే ప్రశ్న: "తయారు చేస్తాం సరే, తోటకి ఎలా చేర్చాలి?" న్యాయమైన ప్రశ్నే. ఎకరానికి 200 లీటర్లంటే ఒక డ్రమ్ము. దాన్ని కాఫీ తోట దాకా భుజాన మోయలేం. పసుపు, మిరియాలు సంతకి దించాలన్నా అదే కష్టం. అందుకే నలుగురైదుగురు కలిసి పాత ఫోర్‌వీల్ జీపు కొందామనుకుంటున్నారు. బండి కింద దూరి ఏం చూడాలో పై వీడియోలో ఉంది. కాగితాల సంగతి మాత్రం తీరిగ్గా చదువుకోవలసింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఇటువైపు అమ్మకానికి వచ్చేవి మహీంద్రా మేజర్, కమాండర్, ఎం.ఎం. 540, పాత బొలెరో, ఎప్పుడైనా ఒక మారుతి జిప్సీ. చాలావరకు 15 ఏళ్లు దాటినవే. అమ్మేవాళ్ళు ముందుగా చెప్పే మాట "ఎఫ్.సి. మొన్ననే చేయించాం సార్" అని. సంతోషమే. కానీ ఎఫ్.సి. అంటే ఆ ఒక్క రోజు లైట్లు, బ్రేకులు, హారను, పొగ సరిగ్గా ఉన్నాయని. ఆ రోజుకి వేరే బండి టైర్లు తెచ్చి బిగించారో లేదో కాగితం చెప్పదు. ఫోర్‌వీల్ పడుతుందో లేదో అసలే చెప్పదు.

అందుకని కొత్త ఎఫ్.సి. పక్కన పెట్టి పాతవన్నీ అడగండి. పసుపు ప్లేటు బండికి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉండాలి. అంటే 2010లో రిజిస్టరైన బండికి 2018 నుంచి ఏడాదికొకటి కనపడాలి. తెల్ల ప్లేటుకైతే 15 ఏళ్లకి మొదటి రెన్యువల్, ఆపైన అయిదేళ్లకోసారి. ఉన్న కాగితాలన్నీ చాప మీద వరసగా పరచండి. ఎక్కడో రెండు మూడేళ్లు ఖాళీ కనిపిస్తుంది. మనం బేరమాడాల్సింది ఆ ఖాళీ దగ్గరే.

ఆ రోజుల్లో బండి ఏమైంది? దెబ్బ తగిలి షెడ్డులో పడుందా? ఫైనాన్సువాళ్ళు లాక్కెళ్ళారా? లేక కాగితాల్లేకుండా లోపలి ఊళ్ళలో సంతలకి తిరిగిందా? నన్నడిగితే మూడోదే ప్రమాదం. తొమ్మిదిమంది పట్టే జీపుకి ఇరవైమంది ఎక్కి, పైన మూటలేసుకుని, గతుకుల మెట్ట మీద రెండేళ్లు తిరిగితే ఛాసిస్ ఊరుకోదు. కమాన్ కట్టలు ఛాసిస్‌కి తగిలే చోట వెల్డింగు అతుకులు కనిపిస్తాయి. కింద అంతా కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఇంకా అనుమానించండి. గోరుతో గీకితే తెలిసిపోతుందండి.

తెల్ల ప్లేటు బండికి ఎఫ్.సి.లు తక్కువ కాబట్టి పాత ఇన్సూరెన్స్ పాలసీలు చూడండి. ఫుల్ పాలసీ అయితే నో క్లెయిమ్ బోనస్ ఏటా పెరుగుతూ వచ్చి ఒక ఏడాది సున్నా అయిందంటే, అంతకుముందు క్లెయిమ్ అయినా తీసుకుని ఉండాలి, పాలసీ అయినా తెగిపోయి ఉండాలి, లేదా బండి చేతులు మారి ఉండాలి. ఏదో అడగండి. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీలో ఈ బోనస్ ఉండదు, అందులో వెతకొద్దు.

ఇక ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులు, ఫైనాన్సు ఉందా, బ్లాక్ లిస్టులో పెట్టారా అన్నీ చూడండి. మన ఏజెన్సీలో ఈ చివరిది మరీ ముఖ్యం. గంజాయి కేసుల్లో పట్టుబడ్డ బళ్ళను 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం కింద ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు. వేలంలో కొన్నదంటే వేలం కాగితం చూపించాలి. "మావాడే, నమ్మకం" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. కోరాపుట్ వైపు నుంచి ఒడిశా నంబరుతో వచ్చిన బండయితే అక్కడి ఆర్.టి.ఓ. ఇచ్చిన ఎన్.ఓ.సి. ఉండాలి, మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్సు కట్టాలి. చవగ్గా వచ్చిందనుకున్నది అక్కడే తేలిపోతుంది.

బండి దగ్గర ముందు ఛాసిస్ నంబరు తుడిచి ఆర్.సి.తో అక్షరం అక్షరం పోల్చండి. తర్వాత వంగి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉందో లేదో చూడండి. డీజిల్ కలిసొస్తుందని చాలామంది దాన్ని విప్పేస్తారు. లోపల లివర్ మాత్రం అలాగే ఉంటుంది! షాఫ్ట్ ఉంటే తారు మీద కాకుండా మట్టిలో ఫోర్‌వీల్ లో వేసి కదిలించి చూడండి. గేరు ఆయిల్, హౌసింగ్ ఆయిల్ కొంచెం తీయించండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే గెడ్డల్లో దిగి నీళ్ళు పోయినట్టే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి. మీరు వెళ్ళేసరికే బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామనండి.

బ్రేకులు మైదానంలో చూస్తే లాభం లేదు. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు పోయిన ఘాట్ రోడ్డు మనది. లోడు వేసి, మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టి, చిన్న దిగువలో మెల్లగా సెకండ్ గేరులో దించి చూడండి. గేరు జారి బయటికొస్తే ఆ బండి మనకొద్దు.

ధర మాట్లాడేటప్పుడు ఇది కూడా లెక్కలో వేసుకోండి: 15 ఏళ్లు దాటిన జీపు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, 20 ఏళ్లు దాటితే 2025లో దాన్ని 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు వేరే. కలిసి కొనేవాళ్ళు ఆర్.సి. ఎవరి పేరునో ముందే తేల్చుకోండి. ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్న యజమానిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మినాయన 29, 30 ఫారాల మీద సంతకం పెట్టాక పేరు మార్పుకి మీకు 30 రోజులు, ఇన్సూరెన్స్ మీ పేరున రాయించుకోవడానికి 14 రోజులే గడువు.